పెట్ స్కాన్ కవరు మీది తేదీ: క్యాన్సర్ ఆసుపత్రుల వారికి పర్లాకిమిడి నుంచి ఒక బహిరంగ లేఖ

ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు వైద్యం చేస్తున్న ఆసుపత్రుల నిర్వాహకులకు, రేడియేషన్ డాక్టర్లకు, న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్లకు, ఫిజిసిస్టులకు, స్కాన్ సెంటర్ల వారికి,

నమస్కారం.

నాది గజపతి జిల్లా పర్లాకిమిడి. బజార్లో మందుల షాపు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. కాగితాల మీద మేం ఒడిశా వాళ్ళం, ఇంట్లో తెలుగు వాళ్ళం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీత మా పక్కనుంచే వెళ్ళింది గానీ, జబ్బు చేసినప్పుడు ఆ గీతను ఎవరూ చూసుకోరు. పెద్ద జబ్బు అనగానే కొందరు బరంపురం, భువనేశ్వర్, కటక్ వెళ్తారు. చాలామంది గుణుపురం నుంచి వచ్చే రైలెక్కి విశాఖపట్నం వస్తారు. భాష తెలిసిన చోటు, చుట్టాలున్న చోటు. అందుకే ఈ ఉత్తరం ఏ ఒక్క ఆసుపత్రికో రాస్తున్నది కాదు, మీ అందరికీ. పెట్ స్కాన్, అంటే ఒంట్లో క్యాన్సర్ ఉన్న చోటును వెలిగించి చూపే స్కాన్, పాతబడకముందే రేడియేషన్ ఎక్కడ పడాలో గీసుకునే ప్లానింగ్ జరగాలన్నదే ఇందులో నా మనవి.

మా దగ్గర మందుల షాపు అంటే మందులు కొనుక్కుని వెళ్ళిపోయే చోటు కాదు. పట్నంలో పెద్ద డాక్టరుకి చూపించుకుని వచ్చినవాళ్ళు ముందు ఇంటికి వెళ్ళరు, షాపుకి వస్తారు. చంకలో పెద్ద కవరు, అందులో ఫిల్ములు, రిపోర్టులు, బిల్లులు. "ఇందులో ఏం రాసేరో చూడండి బాబూ" అని కౌంటరు మీద పెడతారు. నేను డాక్టర్ని కాదు, బీఫార్మసీ చదివినవాణ్ణి. చదివి, అర్థమైనంత చెప్పి, అర్థం కానిది మళ్ళీ డాక్టర్నే అడగమంటాను. మొదట్లో రిపోర్టు చివరి నాలుగు లైన్లే చూసేవాణ్ణి. ఈ మధ్య కొన్నేళ్ళుగా ముందు పైన తేదీ చూస్తున్నాను. పెట్ సీటీ అయితే తప్పకుండా చూస్తాను. ఆ అలవాటు మా మావయ్య వల్ల వచ్చింది.

మావయ్యది కాశీనగరం దగ్గర పల్లె. అరవై ఒక్క ఏళ్ళు. వరి, కొంచెం చెరకు. చిన్నప్పటినుంచి చుట్ట. సంక్రాంతికి మొదలైన దగ్గు ఉగాదికి కూడా తగ్గలేదు. కళ్ళె పరీక్షలో ఏమీ లేకపోయినా టీబీ మందులు మొదలుపెట్టారు. మా వైపు దగ్గు అంటే ముందు టీబీయే అనుకుంటారు, అందులో తప్పు పట్టడానికి లేదు, టీబీ అంత ఉంది. రెండు నెలలు మందులు మింగినా మనిషి నీరసించిపోతుంటే సీటీ తీయించాం. ఎడమ ఊపిరితిత్తి పైభాగం ముడుచుకుపోయి ఉంది. గొంతులోంచి గొట్టం వేసి ముక్క తీస్తే క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్‌కి వీలు కాదు, కీమోతో పాటు రేడియేషన్ ఇవ్వాలి, ముందు పెట్ తీయించుకు రండి అన్నారు. ఒక నగరంలో ఒక సెంటర్‌లో తీయించాం. ఎక్కడ అన్నది ఇక్కడ అనవసరం.

తీయించాక ఏమైందంటే, పదకొండు వారాలు గడిచిపోయాయి. ఏ ఒక్కరూ కావాలని ఆలస్యం చెయ్యలేదు. తీసిన ముక్క సరిపోలేదని ఇంకో పరీక్షకు పంపారు, ఆ ఫలితానికి మూడు వారాలు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు అనుమతికి తిరగడం కొన్నాళ్ళు. మధ్యలో జ్వరం. మిషను ఖాళీ లేదని కొన్ని రోజులు. నాట్ల సమయం, డబ్బు సర్దుబాటు, ఇంకో డాక్టరు మాట కూడా విందామన్న మా పిన్ని పట్టుదల. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే. అన్నీ కలిసి పదకొండు వారాలు.

చివరికి రేడియేషన్ డాక్టరమ్మ ఆ కవరు తెరిచి, తేదీ చూసి, ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి, కవరు మూసేసింది. "దీంతో నేను గీయలేనండి" అంది. కోపంగా అనలేదు. కూర్చోబెట్టి మూడు కారణాలు చెప్పింది. స్కాన్ పాతబడింది. గుంటగా ఉన్న మంచం మీద, చేతులు పక్కకు పెట్టించి తీశారు. ఇక మూడోది, మీ దగ్గర బొమ్మలే ఉన్నాయి, అసలు డేటా లేదు.

"గీయడం" అన్న మాట నాకప్పుడు అర్థం కాలేదు. రేడియేషన్ లెక్కలు వేసే ఫిజిసిస్టు ఒకాయన ఓపిగ్గా తన గదికి తీసుకెళ్ళి మావయ్య సీటీ స్క్రీన్ మీద పెట్టి చూపించాడు. ఆ బొమ్మ ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఎడమ పక్క పైన బూడిద రంగు ముద్ద. ఇందులో గడ్డ ఎంత, గాలి అందక ముడుచుకుపోయిన ఊపిరితిత్తి ఎంత అని అడిగాడు. నాకు తెలియలేదు. తనకూ తెలియదన్నాడు. సీటీలో రెండూ ఒకే రంగు. తరవాత వేరే రోగిది, పేరు కనబడకుండా, అలాంటిదే ముడుచుకున్న ఊపిరితిత్తి ఉన్న సీటీ పెట్టి దాని మీద పెట్ బొమ్మ వేశాడు. ముద్దంతా మసగ్గానే ఉంది, శ్వాసనాళం మొదట్లో మాత్రం ఉసిరికాయంత చోట నిప్పుకణికలా వెలుగు. "గడ్డ అదీ. మిగతాదంతా గాలి అందని ఊపిరితిత్తి, పాపం దానికి ఏ జబ్బూ లేదు" అన్నాడు. మౌస్‌తో ఆ వెలుగు చుట్టూ సన్నని ఎర్ర గీత గీసిన ముక్కలు ఒక్కొక్కటే చూపించాడు. మూడు మిల్లీమీటర్లకు ఒక ముక్క. అన్ని ముక్కల్లోనూ డాక్టరు చేత్తో గీసిన గీతే. మిషను ఆ గీతనే నమ్ముకుని కిరణాలు వదులుతుంది. గీత బయట ఉండిపోయిన క్యాన్సర్ మీద చాలినన్ని కిరణాలు పడవు. గీత లోపలికి వచ్చేసిన మంచి ఊపిరితిత్తి కాలిపోతుంది, తరవాత ఆయాసంగా, దగ్గుగా బయటపడుతుంది. అన్నవాహిక దగ్గరగా ఉంటే మంచినీళ్ళు మింగినా మంట.

ఆ సాయంత్రం లాడ్జిలో మావయ్యకు నాకు తెలిసినట్టు చెప్పాను. ఆయన విని కాసేపు ఊరుకుని, "అంటే సర్వేయరు వచ్చి పొలానికి రాళ్ళు పాతినట్టన్నమాట" అన్నాడు. అవును మావయ్యా అన్నాను. "మరి రాళ్ళు పాతీసేక పొలం పెరిగిపోతే ఏటి చేస్తారు?"

ఈ ఉత్తరంలో నేను అడగబోయేదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

రెండోసారి పెట్ తీశారు. ఎడమ కాలర్ ఎముక పైన, మొదటి స్కాన్‌లో ఏమీ లేని చోట, చిన్న లింఫు గ్రంథి వెలిగింది. సూదితో తీసి చూస్తే అదీ క్యాన్సరే. మొదటి స్కాన్ నమ్ముకుని గీసి ఉంటే అది గీత బయట ఉండిపోయేది. ఇప్పుడు గీత మెడ దాకా పెరిగింది, దాంతో ఊపిరితిత్తికి తగిలే మోతాదూ పెరిగింది. ముప్ఫై సిట్టింగులు, ఆరు వారాలు, మొత్తం మోతాదు అరవై గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత), పూర్తిగా తీసుకున్నాడు. పద్నాలుగు నెలలు బతికాడు. అందులో తొమ్మిది నెలలు బాగానే తిరిగాడు, ఒక పంట కోయించాడు. ఆలస్యం వల్లే పోయాడని నేననను. అది చెప్పగలిగే చదువు నాకు లేదు, ఆ జబ్బు సంగతి మీకే తెలుసు. కానీ మొదటి స్కాన్‌కి పెట్టిన డబ్బు మాత్రం ఒక ఎకరం కౌలు. అది దేనికీ పనికిరాలేదు, ఆ సంగతి నాకు కచ్చితంగా తెలుసు.

అప్పటినుంచి ఈ విషయం మీద కనిపించిందల్లా చదివాను, కనిపించిన డాక్టర్నల్లా అడిగాను. నేను అడిగేది కొత్త విషయమేమీ కాదని తెలిసింది. అమెరికాలో క్యాన్సర్ వైద్యులు అనుసరించే ఎన్‌సీసీఎన్ మార్గదర్శకాల్లోనే ఉంది: ఈ జబ్బు త్వరగా ముదరగలదు కాబట్టి వైద్యం మొదలుపెట్టే ముందు నాలుగు వారాల లోపల తీసిన పెట్ సీటీ ఉంటే మంచిది, అదీ రేడియేషన్ ఇచ్చే భంగిమలోనే తీస్తే ఇంకా మంచిది అని. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ రేడియేషన్‌కు పెట్‌తో ఎలా గీయాలో నిపుణులను కూర్చోబెట్టి ఒక నివేదిక తయారుచేయించింది. మీకు ఇవన్నీ కంఠతా ఉంటాయి. మా రోగి చేతికి వచ్చేసరికి మాత్రం ఏమీ మిగలదు.

ఇంకో సంగతి నన్ను బాగా కదిలించింది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ ఆసుపత్రులు కలిసి పెట్-ప్లాన్ అనే పరిశోధన చేశాయి. 2009 నుంచి 2016 వరకు 205 మంది రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లు చేశారు. అందరికీ పెట్ తీశారు. ఒక జట్టుకు పెట్‌లో వెలిగినదానితో పాటు, ముందు జాగ్రత్తగా చుట్టుపక్కల గ్రంథులను కూడా కలిపి గీశారు. రెండో జట్టుకు పెట్‌లో వెలిగిన చోటు మాత్రమే గీశారు. చోటు తగ్గింది కాబట్టి అక్కడ మోతాదు పెంచుకునే వీలు దొరికింది. 2020లో ఫలితాలు వచ్చాయి. అనుకున్న పద్ధతి ప్రకారం వైద్యం జరిగిన వాళ్ళలో, ఏడాది తిరిగేసరికి ఛాతీలో జబ్బు మళ్ళీ పెరిగే అవకాశం మొదటి జట్టులో 29 శాతం, రెండో జట్టులో 14 శాతం. చిన్న గీతే మేలు చేసింది. అయితే ఆ చిన్న గీత ఎప్పుడు మేలు చేస్తుంది? పెట్ తాజాగా, సరిగ్గా తీసి ఉన్నప్పుడు. గీత ఎంత బిగిస్తే స్కాన్ అంత నిక్కచ్చిగా ఉండాలి. పాత స్కాన్ పట్టుకుని చిన్న గీత గీయడం కంటే ప్రమాదం ఇంకోటి ఉండదనిపిస్తుంది నాకు.

ఇక నా మనవులు.

రేడియేషన్ ఇవ్వాల్సి వస్తుందని మొదటి రోజే అనుమానం ఉన్న రోగికి, పెట్ రాసేటప్పుడే రేడియేషన్ విభాగానికి ఒక్క ఫోను చెయ్యండి. రెండు తేదీలు ఒకేసారి ఇవ్వండి, పెట్‌ది, ప్లానింగ్‌ది. బయాప్సీ, జన్యు పరీక్ష, కార్డు అనుమతి లాంటివి ముందు కానిచ్చి, పెట్‌ను చివర్లో పెట్టగలిగితే అలా పెట్టండి. జబ్బు ఎంతవరకు పాకిందో తెలియకుండా అడుగు వెయ్యలేమని మీరంటే, అదీ నిజమే, ముందే తీయండి. కానీ అప్పుడు ఆ కవరు మీద ఎర్ర సిరాతో "ఫలానా తేదీ దాటితే ప్లానింగ్‌కి పనికిరాదు" అని రాసి ఇవ్వండి. పాల ప్యాకెట్ మీద కూడా తేదీ ఉంటుంది. మా వాళ్ళకు ఆ తేదీ తెలిస్తే నాట్లు ఆపుకుని వస్తారు, అప్పు చేసైనా వస్తారు. తెలియకే ఆగిపోతున్నారు. పెట్ రిపోర్టు చేతిలో ఉంటే పెద్ద పరీక్ష అయిపోయిందన్న ధైర్యంతో నెమ్మదిస్తారు. ఎక్స్‌రే లాగా దాచుకుంటే ఎప్పుడైనా పనికొస్తుందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

బల్ల సంగతి. రేడియేషన్ మిషను బల్ల చదునుగా చెక్కలా ఉంటుంది. మామూలు స్కాన్ మంచం పడవలా గుంటగా ఉంటుంది. గుంటలో పడుకుంటే వీపు వంగుతుంది, భుజాలు దగ్గరికి వస్తాయి, లోపల గడ్డ కూడా జరుగుతుంది. చేతులు పక్కన పెట్టుకున్నప్పుడు ఒక చోట ఉన్నది, తల మీదుగా ఎత్తినప్పుడు ఇంకో చోట ఉంటుంది. అలాంటి పెట్‌ను ప్లానింగ్ సీటీ మీద అతికిస్తే కణిక ఒక పక్క, గడ్డ ఒక పక్క. రెండో స్కాన్‌కి మావయ్యను పెట్ గదిలోనే చదును పలక మీద పడుకోబెట్టారు. చేతులు పైకి పెట్టుకోవడానికి బోర్డు, వీపు ఆకారానికి బిగుసుకునే వాక్యూమ్ దిండు, గోడలోంచి ఎర్రని లేజర్ గీతలు. రేడియేషన్ విభాగం టెక్నీషియన్ వచ్చి, ఛాతీ మీద చుక్కలు పెట్టి, గీతలు చుక్కల మీద పడేదాకా అటూ ఇటూ సర్ది వెళ్ళాడు. మావయ్యకు భుజం నొప్పి. చేతులు ఎత్తి ఇరవై నిమిషాలు ఉండడం కష్టమైంది. ముందే ఒక నొప్పి మాత్ర వేయించి ఉంటే బాగుండేది. ఇది చిన్న మాటే గానీ, బరువులు మోసి మోసి భుజాలు అరిగిపోయిన మనుషులు మా వాళ్ళు, గుర్తుపెట్టుకోండి.

ఊపిరి సంగతి నేను చెప్పేంతవాణ్ణి కాదు. సీటీ క్షణాల్లో అయిపోతుంది, పెట్ ఒక్కో భాగానికి నిమిషాలు పడుతుంది, ఈలోపు గడ్డ ఊపిరితో పాటు ఊగుతుంది, అందుకే వెలుగు అంచు అలుక్కుపోయినట్టు ఉంటుందని విన్నాను. స్క్రీన్ మీద రంగు తీవ్రత మార్చితే కణిక పెద్దదవుతుంది, చిన్నదవుతుంది కూడా. ఆ ఫిజిసిస్టు మీట తిప్పి చూపించాడు, నా కళ్ళముందే ఉసిరికాయ నిమ్మకాయ అయింది. అందుకే న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరు, రేడియేషన్ డాక్టరు పక్కపక్కన కూర్చుని గీయాలంటారు. రోజుకు పది నిమిషాలు అలా కూర్చునే ఏర్పాటు ఉన్న ఆసుపత్రులు ఉన్నాయి. మిగతావాళ్ళు కూడా చెయ్యండి.

డేటా గురించి స్కాన్ సెంటర్ల వారికి గట్టిగా చెప్తున్నాను. మీరిచ్చే నిగనిగలాడే ఫిల్ము, రంగు బొమ్మల పుస్తకం ప్లానింగ్ కంప్యూటర్‌కి అక్కర్లేదు. దానికి కావలసింది డైకామ్ డేటా, అంటే స్కాన్ మిషను ఇచ్చే అసలు ఫైళ్ళు, పెట్‌దీ సీటీదీ రెండూ, అన్ని ముక్కలూ. మావయ్యకు ఇచ్చిన సీడీలో పది పన్నెండు ఫొటోలు తప్ప ఏమీ లేవు. తిరిగి వెళ్ళి అడిగితే, సర్వర్‌లోంచి తీసేశాం, అంత పాతవి ఉంచం అన్నారు. మూడు నెలలు కూడా కాలేదు. నూటయాభై కిలోమీటర్ల నుంచి వచ్చిన మనిషి చేతిలో పూర్తి సీడీ పెట్టడానికి ఖర్చెంత?

టీబీ మాట మళ్ళీ ఎత్తాలి. పెట్‌లో వెలిగిందల్లా క్యాన్సర్ కాదు. పెట్‌కి ముందు సూదితో ఎక్కించే మందు చక్కెర లాంటిది, రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజ్. క్యాన్సర్ కణం ఆబగా తీసుకుంటుంది కాబట్టి వెలుగుతుంది. టీబీ ఉన్న గ్రంథి, వాపు ఉన్న గ్రంథి కూడా తీసుకుంటాయి. యూరప్ వాళ్ళ లెక్కలు మాకు యథాతథంగా సరిపోవు. రాయగడ, గజపతి, కోరాపుట్ వైపు మనుషుల ఛాతీలో పాత టీబీ ఆనవాళ్ళు కొల్లలు. అవతలి పక్క గ్రంథి వెలిగిందని చూసి, ముదిరిపోయింది, ఇక నయం చేసే రేడియేషన్ వద్దు అని ఒకరిని ఇంటికి పంపే ముందు, ఆ గ్రంథిలోంచి సూదితో కొంచెం తీసి చూడండి. ఈబస్, అంటే గొంతులోంచి గొట్టం వేసి అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గ్రంథిలోంచి సూదితో తీసే పరీక్ష, ఉన్న చోటికి పంపండి. నయమయ్యే అవకాశం ఉన్న మనిషి పాత టీబీ మచ్చ వల్ల ఆ అవకాశం పోగొట్టుకోకూడదు. అలాగే వెలగనిదల్లా మంచిదీ కాదు. మెదడు ఎప్పుడూ చక్కెర తాగుతూనే ఉంటుంది కాబట్టి అక్కడి మచ్చ పెట్‌లో కలిసిపోతుంది, దానికి ఎంఆర్ఐ వేరే కావాలి. ఇది రోగికి ముందే చెప్తే, పెట్ తీశాక కూడా ఇంకో స్కాన్ ఎందుకు రాశారు, డబ్బుకోసమేనా అన్న అనుమానం రాదు. షాపు దగ్గర ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

రెండో పెట్ మొదటి రోజు మావయ్యను వెనక్కి పంపేశారు. "ఫాస్టింగ్‌లో రండి" అని కాగితం మీద ఇంగ్లీషులో రాసి ఉంది. నేనే చదివి ఏమీ తినొద్దని చెప్పాను. ఆయన తినలేదు. తెల్లవారుజామున స్టేషన్ బయట పంచదార వేసిన టీ తాగాడు. అదీ రెండు గ్లాసులు. "టీ తిండా ఏటిరా?" అన్నాడు. నిజమే, మాకు టీ తిండి కాదు. చక్కెర అప్పటికే రక్తంలో ఉంటే మందు చక్కెరను కణాలు సరిగా తీసుకోవు, షుగరు రెండొందలు దాటితే చాలా చోట్ల స్కానే తీయరు. పైగా ఆ మందు దాచిపెట్టుకునేది కాదు. ప్రతి 110 నిమిషాలకు సగమైపోతుంది. ఆరు గంటలకు వంద పాళ్ళు ఉంటే ఏడూ యాభైకి యాభై, తొమ్మిదీ నలభైకి ఇరవై అయిదు. రైలు రెండు గంటలు లేటైతే ఆ మనిషి పేరు మీద తెప్పించిన మందు సగానికి పైగా గాలిలో కలిసిపోయినట్టే. దూరం నుంచి వచ్చేవాళ్ళకు పొద్దున్నే మొదటి సమయం ఇవ్వకండి. పది, పదకొండు గంటలకు ఇవ్వండి. షుగరు మాత్రలు ఆ పూట వేసుకోవాలా వద్దా అన్నది స్పష్టంగా రాయండి. మెట్‌ఫార్మిన్ వేసుకుంటే పేగులు వెలుగుతాయని నాకు తెలుసు, మా కౌంటరు దగ్గర నిలబడే ముసలమ్మకు ఎలా తెలుస్తుంది?

కాగితం తెలుగులో ఇవ్వండి, ఒడియాలో ఇవ్వండి. "ఖాళీ కడుపు" అని రాస్తే చాలదు. "ఆరు గంటల ముందు నుంచి మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు, టీ వద్దు, పాన్ వద్దు, నిమ్మకాయ బిళ్ళ కూడా వద్దు. ముందు రోజు బరువు పని చెయ్యొద్దు. సూది వేశాక గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి" అని రాయండి. చదువు రాని వాళ్ళకు ఎవరైనా చదివి చెప్పండి. మా కొండల మీద నుంచి సవరలు వస్తారు, వాళ్ళకు మీ తెలుగూ రాదు, మీ ఒడియా అంతంతమాత్రం. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. పక్కనున్న సవరల మాట నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారాయన. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న మనమంతా తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ రోజు దండ వేసే ఆసుపత్రులు కూడా ఉన్నాయి. ఒక్క కాగితం జనం మాటలో ముద్రించండి, చాలు.

ప్రభుత్వాల వారికి చెప్పాల్సింది ఒక్కటే. కార్డు మీద పెట్‌కి అనుమతి అడిగితే, రేడియేషన్‌కి కూడా అదే దరఖాస్తులో అనుమతి ఇవ్వండి. ఒకటి వచ్చి ఇంకోటి రాక ఆగిపోయిన రోజులు మావయ్య పదకొండు వారాల్లోనూ ఉన్నాయి. రాష్ట్రం దాటి వైద్యానికి వెళ్ళిన వాళ్ళ ఫైలు రెండు ఆఫీసుల మధ్య పడి ఉండకూడదు.

మీలో చాలామంది రాత్రీ పగలూ కష్టపడుతున్నారని తెలుసు. ఆ డాక్టరమ్మ భోజనం మానేసి మావయ్య గీతలు పూర్తి చేసింది. ఆ ఫిజిసిస్టు నాలాంటి షాపువాడికి గంటసేపు స్క్రీన్ చూపించాడు. 2002లో ముంబయిలో దేశంలోని మొదటి మెడికల్ సైక్లోట్రాన్, అంటే పెట్ మందు తయారుచేసే యంత్రం, మొదలైన రోజుల్లో మా వాళ్ళకు సీటీ అంటేనే వింత. ఇవాళ పల్లెలో రైతు కూడా పెట్ అన్న మాట పలుకుతున్నాడు. ఇక్కడిదాకా తెచ్చింది మీరే. ఆ చివరి నాలుగు వారాల దగ్గర మాత్రం మమ్మల్ని వదిలెయ్యొద్దని అడుగుతున్నాను.

ఈ ఉత్తరం రాయడానికి కారణం మొన్న శుక్రవారం. గుమ్మ వైపు నుంచి ఒకామె వచ్చి కవరు కౌంటరు మీద పెట్టింది. భర్తకు కుడి ఊపిరితిత్తిలో గడ్డ, యాభై మూడేళ్ళు, ఇటుక బట్టీలో పని. పెట్ సీటీ రిపోర్టు ఉంది. సీడీ షాపు కంప్యూటర్‌లో పెట్టి చూశాను, పూర్తి డేటాయే ఉంది, సంతోషం. ప్లానింగ్ తేదీ ఎప్పుడిచ్చారమ్మా అని అడిగాను. "ఫోను చేస్తామన్నారు బాబూ" అంది. రిపోర్టు మీద తేదీకి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఫోను ఇంకా రాలేదు. ఆమెకు సిగ్నల్ సరిగా అందదని మా షాపు నంబరు కూడా మీ కౌంటరులో రాయించి వచ్చిందట. రాత్రి తొమ్మిదిన్నర దాకా షాపు తెరిచే ఉంటుంది. ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

ఇట్లు,
పర్లాకిమిడి బజారులో ఒక మందుల షాపు యజమాని